గ్లాసులో వేళ్ళు కనబడే రెడ్ వైన్: నీళ్ళు కలిపారా, దాని తీరే అంతా?

మీ ప్రశ్నని నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్పుకుంటాను. మాడ్రిడ్‌లో ఉద్యోగం చేస్తున్న మీ అల్లుడుగారు రెండు సీసాల గార్నాచా (ఆ పేరు ద్రాక్షతో చేసే స్పెయిన్ రెడ్ వైన్) తెచ్చారు. లేబుల్ మీద సియెర్రా దె గ్రెదోస్ (మాడ్రిడ్‌కి పడమటి వైపు కొండల వరస), గ్రానైట్ నేల, వెయ్యి మీటర్ల ఎత్తు అని ఉంది. ఒకటి తీసి పోస్తే గ్లాసు వెనక వేళ్ళు కనబడేంత పలచటి ఎరుపు. ఇది అసలుదేనా, ఆ "రాతి రుచి" గ్రానైట్ నుంచే వస్తుందా, ఎత్తే కావాలంటే మన అరకులో ఎందుకు పండదు, మిగిలిన రెండో సీసాని పండక్కి చేపల పులుసుతో తీయొచ్చా అని అడిగారు.

నాది విశాఖ మధురవాడ. చాలా ఏళ్ళు క్రూజ్ ఓడల్లో వైన్ స్టూవర్డుగా చేసి, తర్వాత ఒడ్డుకొచ్చి హోటళ్ళలో పనిచేశాను. ఇప్పుడు హోటల్ కుర్రాళ్ళకి ఈ పని నేర్పుతుంటాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

సూటిగా చెప్పాలంటే: వైన్ అసలుదే. గ్రెదోస్ గార్నాచా రంగు అలాగే ఉంటుంది. రాతి రుచి గ్రానైట్ నుంచి రాదు. అరకులో పండించడం అసాధ్యం అనను గానీ, తెలిసినవాడెవడూ తన డబ్బు పెట్టడు. రెండో సీసా పులుసుతో వద్దు, వేపుడుతో తీయండి. అన్నిటికంటే ముందు దాన్ని చల్లబరచండి. మీరు మొదటి సీసాని బల్ల మీద నుంచి తీసి అలాగే పోశారని మీ రాతని బట్టే తెలుస్తోంది, "కొంచెం ఘాటు ముక్కుకి కొట్టింది" అన్నారు కదా. దాని సంగతి కింద చెబుతాను.

ముందు రంగు. మన దగ్గర రెడ్ వైన్ అంటే చిక్కగా, నల్లగా ఉండాలనీ, పలచగా ఉంటే ఎవరో కక్కుర్తిపడ్డారనీ ఒక నమ్మకం. ఓడలో ఈ గొడవ నాకు రోజూ ఉండేది. మనవాళ్ళనే కాదు, యూరప్ వాళ్ళు కూడా ఇలాంటి వైన్ పోయగానే లైటుకి ఎత్తి చూసి, మళ్ళీ నా మొహంలోకి చూసేవారు. నేను మారుమాట లేకుండా సీసా తిప్పి, లేబుల్ అడుగున ఆల్కహాల్ శాతం చూపించేవాణ్ణి. మీరూ చూడండి. 14 నుంచి 15 శాతం మధ్య ఉంటుంది. ఫ్రాన్స్‌లో బోర్డో నుంచి వచ్చే ముదురు రంగు వైన్లు చాలావాటికి అంతకంటే తక్కువే. కాబట్టి పలచటి రంగు అంటే తేలికపాటి మత్తు అనుకుని గ్లాసు మీద గ్లాసు పోసుకోకండి. ఇక్కడ "లైట్" అన్నమాట రంగుకీ వగరుకీ మాత్రమే వర్తిస్తుంది.

రెడ్ వైన్‌కి రంగు వచ్చేది తొక్క నుంచి. ఎర్ర వైన్లకి వాడే చాలా రకాల ద్రాక్షల్లో గుజ్జూ రసమూ తెల్లగానే ఉంటాయి. గార్నాచా తొక్క పలచన, అందులో రంగు పదార్థాలు పుట్టుకతోనే తక్కువ. పైగా గాలి తగిలితే ఉన్న రంగు కూడా తొందరగా ఇటుక ఛాయలోకి తిరుగుతుంది. ఇది ఒక కారణం. రెండోది తయారుచేసేవాడి చెయ్యి. ఇదే గార్నాచాతో స్పెయిన్‌లోనే ప్రియోరాట్ అనే చోట ముదురు వైన్లు చేస్తారు. ఫ్రాన్స్‌లో ఈ ద్రాక్షని గ్రెనాష్ అంటారు, షాటోనఫ్ దు పాప్ వైన్లలో పెద్ద వాటా దానిదే. అక్కడ వేడి ఎక్కువ, పండు బాగా మగ్గుతుంది, తొక్కల్ని రసంలోకి పదే పదే తొక్కి సారం లాగుతారు. గ్రెదోస్‌లో ఈ తరం వాళ్ళు దానికి వ్యతిరేకంగా వెళ్తున్నారు. గుత్తుల్ని కాడలతో సహా తొట్టెలో వేసి, పెద్దగా కదపకుండా తొక్కల్ని రసంలో నాననిస్తారు. టీ పొడిని మరగకాచడానికీ, వేణ్ణీళ్ళలో వేసి వదిలేయడానికీ ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే. తర్వాత పాత, పెద్ద ఓక్ పీపాల్లో ఉంచుతారు. పాత పీపా కాబట్టి చెక్క వాసన దాదాపు అంటదు.

ఇప్పుడు గ్రానైట్. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. వైన్ అమ్మేవాళ్ళు అన్నిటికంటే ఎక్కువ కథలు చెప్పేది కూడా ఇక్కడే.

వేరు రాయిని తినదు. నీటిలో కరిగిన లవణాల్ని మాత్రమే పీల్చుకుంటుంది, అవి రసంలోకి చేరేది చాలా స్వల్పంగా. గ్రానైట్ అంటే ప్రధానంగా క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, మైకా. వీటికి వాసనా లేదు, నాలుకకి తెలిసే రుచీ లేదు. మీకు "తడిసిన రాయి" లాగా తోచింది ఎక్కడిదంటే, పులుపు బాగా ఉండి, పండు తీపి ముందుకు రాకుండా, పీపా వాసన అడ్డురాకుండా ఉన్నప్పుడు నోటికి అలా అనిపిస్తుంది. పులిసేటప్పుడు పుట్టే కొన్ని గంధకపు సమ్మేళనాలు కూడా చెకుముకి రాయి, అగ్గిపుల్ల లాంటి వాసన ఇస్తాయి. అలాగని గ్రానైట్‌తో పనేమీ లేదని కాదు. పని ఉంది, దారి వేరు: నీళ్ళు.

తెలంగాణ వైపు చుట్టాలుంటే వాళ్ళని చల్క నేల గురించి అడగండి. హైదరాబాద్ చుట్టూ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్లు అసలు సిసలు గ్రానైట్. ఆ రాయి అరిగి అరిగి మొరంగా, తర్వాత ఎర్ర ఇసుక నేలగా మారుతుంది. వాన పడితే గంటలో ఇంకిపోతుంది, సారం అంతంతమాత్రం. గ్రెదోస్ నేల కూడా ఆ కుటుంబమే, కాకపోతే ఎరుపు తక్కువ. నేను అక్కడ ఒక తోటలో గుప్పెడు మట్టి తీసి చూశాను. ముద్ద కట్టలేదు. వేళ్ళ సందుల్లోంచి గరగరమని జారిపోయింది. చెయ్యి దులుపుకున్నాక కూడా అరచేతికి మైకా రేకులు అంటుకుని మెరుస్తూనే ఉన్నాయి. అలాంటి చోట తీగ ఏపుగా పెరగదు. ఆకు తక్కువ, కాపు తక్కువ, పండు చిన్నది. వేసవంతా అక్కడ చినుకు పడటం అరుదు, కాబట్టి వేళ్ళు లోతుకి దిగాల్సిందే. మొక్కకి మొక్కకి దూరం ఎక్కువ. పాకించే వైర్లు, పందిళ్ళు ఏమీ ఉండవు, పొట్టి మోడులాగా విడివిడిగా నిలబడి ఉంటాయి. కొన్ని మళ్ళు ట్రాక్టరు ఎక్కలేనంత వాలు, ఇప్పటికీ కంచరగాడిదతోనో గుర్రంతోనో దున్నుతారు.

ఇసుక నేలతో ఇంకో లాభం. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఫిలాక్సెరా అనే వేరు పురుగు యూరప్ ద్రాక్ష తోటల్ని తుడిచిపెట్టేసింది. ఆ పురుగు ఇసుకలో సరిగ్గా పాకలేదు. ఇలాంటి నేలల్లో ముసలి తీగలు బతికి బట్టకట్టడానికి ఇదొక కారణం. రెండో కారణం పేదరికం. పీకి కొత్తవి నాటడానికి రైతు దగ్గర డబ్బులేకపోయింది. చాలాకాలం ఈ కొండల గార్నాచాని సహకార సంఘాలు కొని, మత్తు బలం కోసం ఇతర వైన్లలో కలపడానికి గంపగుత్తగా అమ్మేసేవి. 2008 ప్రాంతంలో కమాండో జి లాంటి చిన్న బృందాలు ముసలి తోటల్ని వెతికి పట్టుకుని, మడి మడికి వేరే సీసా నింపడం మొదలుపెట్టాక కథ మారింది. ఇప్పుడు అవే తోటల వైన్ కోసం జనం ముందుగా చెప్పి పెట్టుకుంటున్నారు.

ఇక ఎత్తు. సుమారుగా ప్రతి వంద మీటర్లకి అర డిగ్రీ పైన చల్లబడుతుంది. వెయ్యి మీటర్లంటే ఆరు డిగ్రీల తేడా. ఇది విశాఖ వాళ్ళకి పాఠం చెప్పాల్సిన విషయం కాదు, డిసెంబర్లో కిరండూల్ పాసింజరు దిగి అరకులో స్వెటర్ వెతుక్కున్న ప్రతివాడికీ తెలుసు. ద్రాక్షకి అసలు మేలు చేసేది రాత్రి చలి. పండులో మాలిక్ ఆమ్లం అనే పులుపు ఉంటుంది. రాత్రి కూడా వేడిగా ఉంటే మొక్క దాన్ని శ్వాసలో ఖర్చుచేసేస్తుంది. చల్లటి రాత్రి ఆ ఖర్చు తగ్గుతుంది. పగలు ఎండకి చక్కెర చేరుతుంది, రాత్రి చలికి పులుపు నిలుస్తుంది, పంట సెప్టెంబరు చివర, అక్టోబరు దాకా సాగుతుంది. 14 శాతం దాటినా ఆ వైన్ నోట్లో బరువుగా కూర్చోకుండా సాగిపోవడానికి కారణం ఆ పులుపే.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది దాటేస్తారు. ఎత్తు గానీ గ్రానైట్ గానీ వైన్‌ని పలచబరచవు. లెక్క ప్రకారం చూస్తే చిన్న పండుకి రసం తక్కువ, తొక్క ఎక్కువ, కాబట్టి రంగు పెరగాలి. ఎత్తు మీద అతినీలలోహిత కిరణాలు ఎక్కువ, వాటికి కూడా తొక్కలో రంగు పెరుగుతుంది. అర్జెంటీనాలో మెండోసా వైపు వెయ్యి మీటర్ల పైన పండే మాల్బెక్ ద్రాక్ష వైన్ సిరాలాగా ముదురుగా ఉంటుంది. కనుక లేబుల్ మీద "ఎత్తు, గ్రానైట్" అని ఉంటే దాన్నుంచి మీరు ఆశించాల్సింది పులుపూ సువాసనా. పలచదనానికి కారణం ద్రాక్ష రకమూ, మనిషి చెయ్యీ. సీసా కొనేటప్పుడు ఈ రెండూ కలిపి చదవాలి. ఒకటే చూసి కొన్నవాళ్ళు తర్వాత నాకు ఫోన్ చేసి వాపోతుంటారు.

గ్రెదోస్ పేరు ఒక్కటే పట్టుకుని వెతికినా ఇబ్బందే. ఆ కొండల వరస మూడు ప్రాంతాల పరిపాలనలోకి చీలి ఉంది. అందుకని లేబుల్ మీద పెద్దక్షరాల్లో సెబ్రెరోస్ అనో, వీనోస్ దె మాడ్రిడ్ అనో, మెంత్రిదా అనో ఉండొచ్చు. అన్నీ ఆ చుట్టుపక్కలవే. నేలంతా గ్రానైటే కాదు, సెబ్రెరోస్ దగ్గర పలకరాయి మళ్ళు కూడా ఉన్నాయి. వాటి వైన్ కొంచెం దిట్టంగా ఉంటుందని నా అభిప్రాయం.

మీకు ఈ తీరు నచ్చితే ఇంకొన్ని పేర్లు రాసిపెట్టుకోండి. ఫ్రాన్స్‌లో బోజొలే ఉత్తర భాగం గ్రానైట్, ద్రాక్ష గమే. అక్కడ పేరున్న పది ఊళ్ళలో ఫ్లూరీ గులాబీ రంగు గ్రానైట్ మీద ఉంటుంది, షిరూబ్ల్ అన్నిటికంటే ఎత్తులో ఉంటుంది. ఎత్తంటే నాలుగొందల మీటర్ల లెక్కే, గ్రెదోస్ పక్కన ఏపాటి. మత్తు కూడా ఒక శాతం, శాతంన్నర తక్కువ. నవంబరులో మూడో గురువారం హడావిడిగా వచ్చే బోజొలే నూవోతో మాత్రం వీటిని కలపకండి, ప్రాంతం పేరు ఒకటే గానీ సరుకు వేరు. ఈ గమే ద్రాక్షని 1395లో ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రభువు ఫిలిప్ "పనికిమాలినది, పీకేయండి" అన్న ధోరణిలో శాసనం వేసి వెళ్ళగొట్టాడు. అది దక్షిణానికి పోయి గ్రానైట్ మీద స్థిరపడింది. పోర్చుగల్‌లో దావ్ ప్రాంతం కూడా గ్రానైటే, చుట్టూ కొండల నీడ. కొందరు ఇటలీలోని ఎట్నా వైన్లని కూడా ఈ జాబితాలో చేరుస్తారు. రంగూ తీరూ కలుస్తాయి, కాదనను, కానీ అది అగ్నిపర్వతపు నేల.

అరకు సంగతి. ముందుగా రాయి. మన కైలాసగిరి, డాల్ఫిన్ నోస్, సింహాచలం కొండ గ్రానైట్ కావు. ఇది ఖొండలైట్, ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు. అరకు దారిలో కూడా ఎక్కువగా అదీ, చార్నొకైటూ కనబడతాయి. మాటలో మాట, వంటింటి గట్టు మీద వేయించుకునే "బ్లాక్ గెలాక్సీ గ్రానైట్" ఉంది చూశారూ, మన చీమకుర్తిది, భూగర్భ శాస్త్రం లెక్కలో అదీ గ్రానైట్ కాదు, గాబ్రో జాతి. వ్యాపారంలో గట్టి రాయి ప్రతిదీ గ్రానైటే.

కానీ రాయి వల్ల అరకు ఆగలేదు. నాసిక్ నేల బసాల్టు, అక్కడ వైన్ బ్రహ్మాండంగా చేస్తున్నారు. అరకుకి అడ్డం వానా, మంచూ. ద్రాక్షకి చలికాలంలో నిద్ర కావాలి, పండే కాలంలో పొడి కావాలి. గ్రెదోస్‌లో ఈ రెండూ దొరుకుతాయి, వానలు ఎక్కువగా వేసవి కాని నెలల్లోనే పడతాయి. మన దక్కన్ వైపు తీగ నిద్రపోదు. అందుకే నాసిక్‌లో గానీ, బెంగళూరు అవతల నంది హిల్స్ దిగువన గానీ ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో వేసే కత్తిరింపు నుంచి వచ్చే కాపునే వైన్‌కి వాడతారు, చలికాలం చివర కోస్తారు. ఇప్పుడు మన వైపు చూడండి. సరిగ్గా ఆ లేత చిగురు వేసే అక్టోబరు, నవంబరుల్లోనే బంగాళాఖాతంలో వాయుగుండాలు లేస్తాయి. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. ఆ గాలివానకి అరకు కాఫీ తోటల్లో నీడ చెట్లే కూలిపోతే ద్రాక్ష చిగుళ్ళ మాట చెప్పాలా. తుపాను రాని ఏడు కూడా పొద్దున్న తొమ్మిదైనా విడని మంచులో ఆకుకి బూజు తెగులు తప్పదు. కాఫీకి ఆ తేమా ఆ నీడా వరం. ద్రాక్షకి అవి పడవు. గ్రానైటూ ద్రాక్షా కలిసిన తెలుగు నేల కావాలంటే ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ విరివిగా ఉన్న అనాబ్-ఎ-షాహీ తోటలు గుర్తుచేసుకోవచ్చు. అది తినే ద్రాక్ష, ఎత్తూ చాలదు.

ఇప్పుడు మీ రెండో సీసా. పుస్తకాల్లో "రెడ్ వైన్ గది ఉష్ణోగ్రత దగ్గర తాగాలి" అని రాసి ఉంటుంది. ఆ గది చలిదేశపు రాతి ఇంట్లోది, మన ఎంవీపీ కాలనీలో మే నెల గది కాదు. ఈ రకం వైన్ 13 నుంచి 15 డిగ్రీల మధ్య తాగాలి. మనింట్లో 30 డిగ్రీల దగ్గర పోస్తే ముందుగా ఆల్కహాల్ ఆవిరి ముక్కుకి తగులుతుంది, సువాసన దాని కింద పడిపోతుంది. మీరన్న ఘాటు అదే. కుర్రాళ్ళకి నేర్పేటప్పుడు నేనొక పని చేస్తాను. ఒకే సీసాలోంచి ఒక గ్లాసు ఏసీ లేని స్టోర్‌లో కాసేపు పెట్టి, ఇంకోటి చల్లబరిచి, చెప్పకుండా పక్కపక్కన ఇస్తాను. వేడిదాన్ని "చవక సరుకు, కొంచెం రమ్ములా ఉంది" అంటారు. చల్లదాన్ని వాసన చూసి స్ట్రాబెర్రీ అని ఒకరు, ఎండిన గులాబీ రేకులని ఇంకొకరు వాదించుకుంటారు. రెండూ ఒకే సీసా అంటే నమ్మరు, సీసా చూపించాలి.

ఇంట్లో చేసే పద్ధతి: బకెట్లో సగం ఐసు, సగం నీళ్ళు పోసి సీసాని మెడ దాకా ముంచి పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచండి. ఉట్టి ఐసులో పెడితే ఆలస్యం, నీళ్ళు ఉండాలి. ఫ్రిజ్ అయితే రెండు గంటల పైనే పడుతుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండిపోతే తీశాక ఇరవై నిమిషాలు ఆగండి, మరీ చల్లగా ఉంటే వగరు పైకి తేలి సువాసన మూసుకుపోతుంది. మన గాలిలో తేమకి గ్లాసు బయట క్షణంలో నీళ్ళు పడతాయి, కంగారు పడక్కర్లేదు, గుడ్డతో తుడుచుకోండి. గ్లాసులో కొంచెం కొంచెమే పోసుకుని సీసాని మళ్ళీ బకెట్లో పెట్టేయండి. పండగ దాకా దాన్ని ఎక్కడ ఉంచుతున్నారో కూడా చూసుకోండి. షోకేసులోనూ, ఫ్రిజ్ పైనా వద్దు. మన వేసవికి కొన్ని వారాలు అలా ఉంటే వైన్ ఉడికిపోతుంది. కార్కు మూతి దాటి పైకి లేచినా, మెడ దగ్గర జిగురుగా కారిన మరక ఉన్నా వేడి తగిలిందని గుర్తు. చల్లటి చోటు లేకపోతే పండగ దాకా ఫ్రిజ్‌లో కింది అరలో పడుకోబెట్టండి, నష్టం లేదు.

పులుసు ఎందుకు వద్దన్నానంటే, చింతపండు పులుపు వైన్ పులుపు కంటే ఎక్కువ. ఒక ముద్ద పులుసన్నం తిని గుక్క వేస్తే వైన్ చప్పగా, నీళ్ళలా ఉంటుంది, అప్పుడు మీరు మళ్ళీ నీళ్ళు కలిపారనే అంటారు. కారం ఇంకో చిక్కు: 14 శాతం ఆల్కహాల్ మిరపకాయ మంటని ఎగదోస్తుంది. గుంటూరు కారం పట్టించిన వేపుడైతే ఇద్దరూ కలిసి నాలుక మీద ఎక్కుతారు. వంజరం ముక్కలకి ఉప్పు, పసుపు, మిరియాలు, కొంచెం అల్లంవెల్లుల్లి పట్టించి పెనం మీద కాల్చండి, నిమ్మకాయ పక్కన పెట్టండి. వగరు తక్కువ కాబట్టి చేపతో సర్దుకునే కొద్ది రెడ్ వైన్లలో ఇదొకటి. రొయ్యల ఇగురు కూడా కారం తగ్గిస్తే ఫరవాలేదు. ఉప్పుచేప మాత్రం ఏ రెడ్ వైన్‌తోనూ వద్దు, వైన్‌లో ఉండే ఇనుము చేప నూనెతో కలిసి నోరంతా నీచుకంపు చేస్తుంది. నన్నడిగితే అన్నిటికంటే బాగా కుదిరేది బొంగులో చికెన్. నూనె లేదు, పులుపు లేదు, వెదురు పొగ వాసన కొద్దిగా ఉంటుంది, గార్నాచాలో ఉండే ఎండుమూలికల వాసనకి అది సరిగ్గా జోడీ. గోంగూర మాంసం ఉందంటారా, ఆ రోజుకి మజ్జిగే నయం.

మూత తీశాక మిగిలితే కార్కు బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. గార్నాచాకి గాలి పడదని చెప్పాను కదా, రెండు రోజుల్లో తాగేయాలి, మూడో రోజుకి ఇటుక రంగు తిరిగి ఎండు పండ్ల వాసన మొదలవుతుంది. మళ్ళీ తెప్పించుకునేటప్పుడు అల్లుడుగారికి ఒక మాట చెప్పండి: విదేశం నుంచి వచ్చేటప్పుడు సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్లే, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. మూడోది తెస్తే సుంకం కట్టాల్సి వస్తుంది.